తెర మీద చుక్కలు పెట్టి తెలుగు నేర్చుకున్న కథ



పోయిన ఆదివారం తమిళ అక్షరాలతో తెలుగు జాబులు రాసుకునే మన ఇండ్ల వాడుక గురించి రాసినాము. దాని కింద హోసూరు తమ్ముడొకరు అడిగినారు: "అన్నా, మీరు ముగ్గురూ తమిళ మీడియంలో చదివినవాళ్ళే కదా, తెలుగు రాయడం ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని. జవాబు చెప్తే నవ్వుతారు. మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నది అసెంబ్లీలో. ఎమ్మెల్యేలు కూర్చునే అసెంబ్లీ కాదు, అసెంబ్లీ లాంగ్వేజ్. కంప్యూటర్ లోపల ఉండే ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే భాష. ఈ వారం ఆ సంగతే. కాస్త పొడుగు, ఓపికగా చదవండి.

మేము ముగ్గురం మదురైలో రైల్వే గుమాస్తాలం. ఒకే కాలనీ, వరసకు బావలము, తమ్ముళ్ళము. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫైళ్ళలో ఇంగ్లీషు, సర్క్యులర్ల మీద హిందీ. నాలుగు భాషలూ నాలుక మీద ఉన్నాయి. చేతికి లిపి రానిది మాత్రం అమ్మ నేర్పిన భాషకే. తిరుపతికి పోయేటప్పుడు రేణిగుంట స్టేషన్ బోర్డు మీద తెలుగును వదిలిపెట్టి, కింద ఉన్న ఇంగ్లీషు చదువుకొని దిగేవాళ్ళము. అది మాకు సిగ్గు అనిపించేది కాదు. మన ఊళ్ళలో అందరి సంగతీ అంతే కాబట్టి.

1990ల నడుమ, మా బావ మేనల్లుడు ఊళ్ళో చిన్న కంప్యూటర్ సెంటర్ పెట్టినాడు. డ్యూటీ అయినాక, పిల్లకాయల క్లాసులు ముగిసినాక, రాత్రి ఎనిమిది గంటలకు మమ్మల్ని కూర్చోనిచ్చేవాడు. అప్పుడు విండోస్ అందరికీ లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కనబడే డాస్. ఆ డాస్‌తోనే డీబగ్ అని ఒక చిన్న ప్రోగ్రాం వచ్చేది. వేరే ఏదీ కొనక్కరలేదు. అందులో అసెంబ్లీ ఆదేశాలు ఒక్కొక్కటే కొట్టి అక్కడికక్కడే నడిపించవచ్చు. వాడి దగ్గర 8086 ప్రాసెసర్ గురించిన పాత పుస్తకం ఒకటి ఉండేది. అదే మాకు గురువు.

ఇప్పుడు తెర సంగతి. 1987లో ఐబీఎం కంపెనీ తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏ అనే తెర పద్ధతి తెచ్చింది. అందులో 13హెచ్ అని ఒక మోడ్. హెచ్ అంటే హెక్స్, పదహార్ల లెక్క. 0 నించి 9 అయినాక ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ వస్తాయి, ఆ తర్వాతే 10. ఆ మోడ్‌లో తెర మీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 వరుసలు. మొత్తం 64,000 చుక్కలు. వీటినే పిక్సెల్ అంటారు. ఒక్కో చుక్కకు జ్ఞాపకంలో ఒక బైట్ జాగా. ఆ బైట్‌లో 0 నించి 255 దాకా ఏ అంకె పెడితే ఆ నంబరు రంగు తెర మీద వెలుగుతుంది. మొదట్లో 15 అంటే తెలుపు, 14 అంటే పసుపు, 4 అంటే ఎరుపు.

మాకు ఇది యార్డు లెక్క మాదిరే కనబడింది. యార్డులో 200 లైన్లు, ఒక్కో లైన్లో 320 వ్యాగన్లు నిలబడి ఉన్నాయనుకోండి. ఏ వ్యాగన్ ఎక్కడుందో చెప్పాలంటే లైన్ నంబరును 320తో గుణించి, ఆ లైన్లో అది ఎన్నోదో ఆ అంకె కలపాలి. అన్నీ 0 నించి లెక్క. లైన్ 100, వ్యాగన్ 160 అంటే 32,000కు 160 కలిపి 32,160. హెక్స్‌లో 7డీఏ0. అది తెర నట్టనడుమ చుక్క. ఇంకొక వసతి ఏమంటే, 8086 ఒక ముక్క జ్ఞాపకంలో 65,536 బైట్లు చూడగలదు. తెర మొత్తం 64,000 కాబట్టి ఒకే ముక్కలో ఇమిడిపోతుంది. ఆ ముక్క ఏ000 అనే చోట మొదలవుతుంది. మాలాంటి కొత్తవాళ్ళకు అందుకే ఈ మోడ్ అనువైంది.

డీబగ్‌లోకి పోయి, ఏ 100 అని కొట్టి, ఇవి వరసగా రాయాలి. చదివేందుకు వీలుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాము:

మూవ్ ఏఎక్స్, 0013
ఇంట్ 10
మూవ్ ఏఎక్స్, ఏ000
మూవ్ ఈఎస్, ఏఎక్స్
మూవ్ డీఐ, 7డీఏ0
మూవ్ ఏఎల్, 0ఎఫ్
స్టాస్‌బీ
మూవ్ ఏహెచ్, 00
ఇంట్ 16
మూవ్ ఏఎక్స్, 0003
ఇంట్ 10
ఇంట్ 20

మొదటి రెండు లైన్లు తెరను 13హెచ్ మోడ్‌కు మారుస్తాయి. తర్వాత రెండు, తెర ముక్క ఎక్కడుందో ఈఎస్ అనే గదికి చెప్తాయి. ఈఎస్‌లోకి అంకెను నేరుగా పంపకూడదు. ముందు ఏఎక్స్‌లోకి దించి, అక్కడినించి ఎక్కించాలి. మీటర్‌గేజ్ బండిలో వచ్చిన సరుకును దించి బ్రాడ్‌గేజ్ బండిలోకి ఎక్కించినట్టు. డీఐలో చుక్క చిరునామా, ఏఎల్‌లో రంగు. 15ను హెక్స్‌లో 0ఎఫ్ అంటారు. స్టాస్‌బీ అనగానే చుక్క పడుతుంది, డీఐ తానే ఒక అడుగు ముందుకు జరుగుతుంది. ఇంట్ 16 మనం ఏదో ఒక మీట నొక్కేదాకా ఆగి ఉంటుంది. ఆ తర్వాత తెర పాత డాస్ తెర అవుతుంది, ఇంట్ 20తో ముగిసిపోతుంది.

ఖాళీ లైనులో ఎంటర్ కొట్టి, జీ అని కొట్టినాము. తెర అంతా నల్లగా అయిపోయి, నడుమ ఆవగింజంత తెల్ల చుక్క. దానికోసం రెండు రాత్రులు పట్టింది. చూసి మేము ముగ్గురమూ మాట్లాడకుండా కూర్చున్నాము. మేనల్లుడు మాత్రం "ఇంతేనా మామా?" అన్నాడు.

ఇంతే అయితే ఈ కథ రాసేవాళ్ళము కాదు. అదే ఏడు మా సంఘం భవనం బోర్డు మాట వచ్చింది. పాత రేకు బోర్డు, మూడు లిపుల్లో పేరు. మా పెద్దవాళ్ళలో తెలుగు రాయ తెలిసిన ఒకాయన ఎప్పుడో దగ్గరుండి రాయించింది. ఎండకు, వానకు రంగు పొట్టు రాలిపోతూ ఉండేది. కొత్త బోర్డు రాయించాలని కమిటీ మీటింగులో అనుకున్నారు. "తమిళం, ఇంగ్లీషు చాలదా? తెలుగు ఎవరు చదువుతారప్పా? రాసి ఇచ్చేవాళ్ళు కూడా లేరు" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాటలో తెలుగు మీద కోపమేమీ లేదు. ఉన్న సంగతే చెప్పినారు. ఆ గదిలో పాతికమందిమి తెలుగులోనే మాట్లాడుకుంటూ, తెలుగు అక్షరం తీసేయాలని తీర్మానం రాసుకుంటున్నాము. ఆ తీర్మానం రాస్తున్నది తమిళ లిపిలో.

మేము ఒక నెల గడువు అడిగినాము. ఇచ్చినారు.

కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలు పుట్టుకతోనే ఉంటాయి. డాస్ తెర మీద ఒక్కో అక్షరం 8 చుక్కల వెడల్పు, 16 వరుసల ఎత్తు. తెలుగుకు అట్లాంటిది ఏదీ ఆ యంత్రంలో లేదు. సీడాక్ వారి జిస్ట్ కార్డు అప్పటికే ఉండేది. దాన్ని లోపల గుచ్చితే డాస్‌లోనే మన దేశపు లిపులు కనబడేవి. మా చేతికి అది అందేది కాదు. కాబట్టి అక్షరాలను మేమే చుక్కలతో చేయాలి. బడి పిల్లల గ్రాఫ్ నోటుబుక్కు కొన్నాము. ఒక గడి ఒక చుక్క.

తెలుగుకు 8 చుక్కల వెడల్పు చాలదు, 16 పెట్టుకున్నాము. ఒత్తులు కింద వేలాడుతాయి, గుడులు పైన ఎక్కుతాయి, కాబట్టి ఎత్తు 24 వరుసలు. అంటే అక్షరానికి 48 బైట్లు. తెర మీద అడ్డంగా 20 అక్షరాలు, నిలువుగా 8 వరుసలు పడతాయి. బోర్డు మీద పేరుకు అది ధారాళం. తమిళంలో అయితే "అమ్మ" అనేదానిలో మొదటి మ మీద ఒక పుల్లి పెడితే సరి. తెలుగులో రెండో మ ఒత్తై కిందికి దిగాలి. మాకు నోట్లో ఉన్న మాటే, చేతికి ఎంత కొత్తగా ఉండిందో చెప్పలేము.

గ అనే అక్షరంతో మొదలుపెట్టినాము. కారణం ఉంది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. చిన్నప్పటినించి "గంగ", "గాలి", "గడప" అని పలుకుతాము, రాస్తే మాత్రం అన్నిటికీ ఆ ఒక్క అక్షరమే. గ మన నోటిలో ఉంది, మన కాగితంలో లేదు. దాని రూపం కూడా సులువు. పైన తలకట్టు, కింద విల్లు, రెండు కాళ్ళు. విల్లు పైవరుస గడుల్లో 0000 1111 1111 0000 అని వస్తుంది. 1 ఉన్నచోట చుక్క, 0 ఉన్నచోట ఖాళీ. నాలుగేసి గడులను ఒక హెక్స్ అంకె చేస్తే 0ఎఫ్ఎఫ్0. కాళ్ళు ఉన్న వరుస 0011 0000 0000 1100, అంటే 300సీ. అదే వరుస కిందికి నాలుగైదు సార్లు. ఇట్లా 24 అంకెలు రాస్తే ఒక అక్షరం.

ఆ అంకెను తెర మీదికి తెచ్చే పద్ధతి ఇది. షిఫ్ట్ లెఫ్ట్ అని ఒక ఆదేశం ఉంది. అది అంకెలోని బిట్లను అన్నిటినీ ఎడమకు ఒక అడుగు జరుపుతుంది. చివర ఉన్న బిట్ బయటికి వచ్చి క్యారీ అనే చోట పడుతుంది. క్యారీలో 1 ఉంటే చుక్క పెట్టు, 0 ఉంటే పెట్టకుండా ముందుకు పో. ఇట్లా 16 సార్లు. ఒక వరుస అయినాక డీఐకి 304 కలపాలి. వరుసకు 320 కదా, 16 ఇప్పటికే నడిచినాము, మిగిలింది 304. అప్పుడు సరిగ్గా కింది వరుస మొదటి గడికి వస్తాము. ప్లాట్‌ఫారం మీద గేటు దగ్గర నిలబడి, టికెట్టు ఉన్నవాణ్ణి పంపి లేనివాణ్ణి ఆపినట్టు ఉండేది ఆ లూపు.

సున్న దగ్గర యంత్రం స్వభావం ఒకటి తెలిసింది. గ్రాఫ్ కాగితం మీద గుండ్రంగా ఉన్న సున్న తెర మీద కోడిగుడ్డు మాదిరి నిలువుగా సాగింది. కారణం ఏమంటే, ఆనాటి తెర వెడల్పు ఎత్తుల నిష్పత్తి 4కు 3. దాని మీద 320కి 200 చుక్కలు పరిస్తే ఒక్కో చుక్క చదరంగా ఉండదు, వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు ఉంటుంది. చదరం కావాలంటే 240 వరుసలు ఉండాలి. అందుకని సున్నను 12 గడుల వెడల్పు, 10 వరుసల ఎత్తు చేస్తే కాగితం మీద చపాతీ అణిచినట్టు కనబడుతుంది, తెర మీద చక్కగా గుండ్రంగా వస్తుంది. అప్పటినించి ప్రతి అక్షరానికీ రెండు షీట్లు. తెరకు ఒకటి, బోర్డుకు ఒకటి.

తెలుగంతా వంకరలే కదా, పెద్ద సైజులో గీయాలంటే వృత్తం గీయడం రావాలి. దానికి ఐబీఎంలో పనిచేసిన జాక్ బ్రెసెన్‌హామ్ అనే ఆయన పద్ధతి ఉంది. 1962లో గీతలు గీసే ప్లాటర్ యంత్రం కోసం గీత పద్ధతి తయారుచేసి, 1965లో అచ్చు వేయించినారు. 1977లో వృత్తానికీ అట్లాంటి పద్ధతి ఇచ్చినారు. వర్గమూలాలు లేవు, దశాంశాలు లేవు. కూడిక, తీసివేత, అంతే. ప్రతి అడుగులో "ఇప్పుడు నేరుగా పోవాలా, ఒక గడి లోపలికి దిగాలా" అని ఒక్క ప్రశ్న. వృత్తంలో ఎనిమిదో భాగం లెక్కకడితే చాలు, మిగతా ఏడు భాగాలూ అద్దంలో చూసినట్టు వచ్చేస్తాయి. ఇది విని మా చెల్లెలు అన్నది: "మేము మార్గళి నెలలో వాకిట్లో చేసేది అదే కదన్నా. ఒక మూల వేసి, మిగిలిన మూలలకు తిప్పుకుంటాము." నిజమే. చుక్కల ముగ్గు వేసే ఆడవాళ్ళకు ఈ లెక్క మాకంటే ముందే తెలుసు.

బోర్డు మీద ఉన్న అక్షరాలను నిచ్చెన వేసుకొని చూసి దించుకున్నాము. రంగు రాలిన చోట పెద్దబాలశిక్ష తెరిచి చూసుకున్నాము. అక్కడ తెలిసింది, మన అక్షరాల్లో ఎంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో. ద కింద చిన్న గీత పడితే ధ. మా షీటులో ఆ గీత మూడు చుక్కలు. ప కింద ఆ గీత పడితే ఫ, ప కడుపులో గీత పడితే ష. మూడు చుక్కలు తీసేస్తే ధనం దనం అవుతుంది. మన ఇండ్లలో అందరమూ "దనం" అనే అంటాము. ఆ ఒత్తు ఒకటి ఉందని చెవికి కాదు, గడులు లెక్కపెట్టిన కంటికి తెలిసింది. నలభై ఏండ్లకు దగ్గరపడిన మేము, చిన్న పిల్లల మాదిరి ఆ మూడు చుక్కలను పెట్టి, తీసి, పెట్టి చూసుకున్నాము.

నెల ముగిసే మీటింగుకు మేనల్లుడు కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చినాడు. మీట నొక్కితే సంఘం పేరు పసుపు రంగులో, ఒక్కో వరుస పైనించి కిందికి దిగుతూ వచ్చింది. కావాలనే మెల్లగా వచ్చేటట్టు నడుమ ఖాళీ లూపు పెట్టినాము. సగం అక్షరం వచ్చినప్పుడే వెనకనించి ఒక అవ్వ గట్టిగా చదవను మొదలుపెట్టింది. ఆమెకు తెలుగు చదవను వచ్చునని ఆమె కొడుక్కు కూడా తెలియదు. చిన్నప్పుడు నాయన దగ్గర నేర్చుకున్నదట. ఆ తర్వాత అరవై ఏండ్లలో ఆమెను ఎవరూ ఏమీ చదవమని అడగలేదు. తీర్మానం మారింది. ఎవరూ ఓటు అడగలేదు.

బోర్డు రాసిన పెయింటర్ తమిళాయన. తెలుగు ఒక్క అక్షరం రాదు. మా షీట్లు చేతిలో పెట్టి, "ఇది వస్తుందా?" అని అడిగినాము. "భాష మీది సార్, గడి లెక్క నాది" అన్నాడు. రేకు మీద సుద్దతో గడులు గీసి, లెక్కపెట్టి, మూలలను కుంచెతో నునుపు చేసి రాసినాడు. ఒక్క ఒత్తు తప్పలేదు. ప్రాసెసర్ చేసింది అదే, పెయింటర్ చేసింది అదే. చుక్కకు భాష లేదు. ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు ఉంటే ఏ లిపి అయినా వస్తుంది. చెప్పేవాడు లేకపోతే 64,000 చుక్కలు ఉన్నా తెర నల్లగానే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేవాళ్ళు అక్కరలేదేమో అనిపించే కాలం. మన చేతి ఫోన్లలో చాలావాటికి తెర 1080కి 2400 చుక్కలు, అంటే 25,92,000. మా పాత తెరకు నలభై రెట్లు. అక్షరాల వంపులు సూత్రాలుగా ఫాంట్‌లోనే ఉంటాయి, ఏ చుక్క వెలగాలో ఫోనే లెక్క వేసుకుంటుంది. యూనికోడ్ 1991లో మొదటిసారి వచ్చినప్పుడే తెలుగు అందులో ఉంది. అందులో తమిళ క నంబరు 0బీ95, తెలుగు క నంబరు 0సీ15. తేడా సరిగ్గా హెక్స్‌లో 80, మామూలు లెక్కలో 128. తమిళ మ కు 128 కలిపితే తెలుగు మ. మన దేశపు లిపులను ఒకే వరసలో పేర్చినారు కాబట్టి అట్లా వచ్చింది. తమిళ వరసలో క తర్వాత మూడు గదులు ఖాళీ. తెలుగులో ఖ, గ, ఘ ఉండే చోటు అది. ఆ ఖాళీ గదులను చూసినప్పుడల్లా మాకు మన ఇండ్లే గుర్తుకొస్తాయి. నోట్లో ఉండి కాగితం మీద చోటు లేని అక్షరాలు అక్కడ ఉన్నాయి.

అయితే ఒక మాట. మా మనవళ్ళు ఫోన్‌లో ఇంగ్లీషులో "ammamma" అని కాదు, గొంతుతో "అమ్మమ్మ" అని చెప్తే చాలు, ఫోన్ తెలుగులో చక్కగా రాసేస్తుంది. పక్కన పెన్సిల్ ఇచ్చి మ కు మ ఒత్తు పెట్టరా అంటే చేయి ఆగిపోతుంది. మాకు యంత్రం ఏమీ ఇవ్వలేదు కాబట్టి మేము అన్నీ నేర్చుకోవలసి వచ్చింది. వాళ్ళకు యంత్రం అన్నీ ఇస్తున్నది కాబట్టి నేర్చుకునే అవసరం రావడం లేదు. దీనికి పిల్లకాయలను తిట్టి లాభం లేదు. ఫోన్‌ను తిట్టీ లాభం లేదు. ఒక్కో అక్షరాన్ని బతుకులో ఒక్కసారైనా చుక్కచుక్కగా పెట్టిస్తే చాలు, అది చేతిని వదిలిపోదు. మేమే దానికి సాక్షులం.

అందుకని రిటైరైనాక ప్రతి ఆదివారం సాయంత్రం సంఘం భవనంలో గ్రాఫ్ నోటుబుక్కులు పెట్టుకొని కూర్చుంటున్నాము. మొదట పిల్లవాడి పేరు, తర్వాత అమ్మ పేరు, ఆ తర్వాత ఊరి పేరు. గడులు నింపి, వరుసకు హెక్స్ అంకె రాసి, ఫ్రీడాస్ పెట్టిన పాత కంప్యూటర్‌లో వాళ్ళే కొడతారు. ఇప్పటి విండోస్‌లో డీబగ్ లేదు, ఫ్రీడాస్‌లో ఉంది, డబ్బు కట్టక్కరలేదు. తన పేరు తన లెక్కతో తెర మీద వెలిగినప్పుడు ఆ పిల్లల మొగం చూడాలి.

బెంగళూరు, కోయంబత్తూరు, షోలాపూర్, బరంపురం, యానాం, ఎక్కడున్న బంధువులైనా సరే, ఈ వారం ఇంట్లో ఒక పిల్లకు ఒక గ్రాఫ్ కాగితం ఇవ్వండి. 16 గడుల వెడల్పు, 24 గడుల ఎత్తు. తన పేరులో మొదటి అక్షరం. ఫోటో తీసి కింద పెట్టండి, దాని హెక్స్ అంకెలు మేము రాసి పంపుతాము. వచ్చే ఆదివారం ఒత్తుల గురించి రాస్తాము. "స్త్రీ" అనే అక్షరం 24 వరుసల్లో ఎట్లా ఇమిడిందో అప్పుడు చెప్తాము.

ఉంటాము. అందరూ బాగుండాలి.